నగరానికి చిన్న కారు: రివ్యూలు కొలవనివి, మనం కొలవవలసినవి

మారుతి ఆల్టో కె10, వ్యాగన్ ఆర్, టాటా టియాగో, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్, కరెంటుతో నడిచే ఎంజీ కామెట్: ఈ అయిదింటిలో ఏది కొనాలో తేలక వారాల తరబడి వీడియోలు చూస్తున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజిను ఉన్న కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో ఇద్దరు పిల్లలను స్కూటరు మీద ఎక్కించుకుని తిరిగే కుటుంబాలు ఎన్నో మళ్లీ చిన్న కార్ల వైపు చూస్తున్నాయి.

నేను కూడా అలా చూసినవాడినే. అమ్మానాన్నల కోసం కారు కొనవలసి వచ్చినప్పుడు రెండు నెలల పాటు రివ్యూలు చూసి, అందరూ మెచ్చుకున్న ఒక కారు కొన్నాను. దాని ఇంజినులో గానీ గేర్లలో గానీ ఈనాటికీ నేను వంక పెట్టలేను. అయితే దాని సీటు బాగా కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అందులోంచి దిగాలంటే ఒక చేత్తో పైనున్న పిడిని, ఇంకో చేత్తో నా భుజాన్ని పట్టుకోవలసి వస్తుంది. నేను చూసిన రివ్యూల్లో ఒక్కదానిలోనూ సీటు ఎత్తు గురించి ఒక్క మాటైనా లేదు. పైగా వాటిలో చూపించిన వెనుక హెడ్‌రెస్టులు, వెనుక అద్దం వైపరు నేను కొన్న మధ్య వేరియంటులో లేవు. ఆ సమీక్షకులు అబద్ధం చెప్పారని నేను అనను. వారు నడిపింది అన్ని హంగులూ ఉన్న పై వేరియంటు. వారు కూర్చున్నది డ్రైవరు సీట్లో. వారి పక్కన మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎవరూ లేరు. ఏ కారైనా ఎవరి అవసరానికి కొలిచి చూశారన్న దానిని బట్టే మంచిదో కాదో తేలుతుందని నాకు అప్పుడు తెలిసింది.

రివ్యూ ఎటు మొగ్గుతుంది, ఎందుకు

మన దేశంలో కొత్త కారును రివ్యూ కోసం ఇచ్చేది చాలావరకు కంపెనీయే. ఉదయపూర్‌లోనో గోవాలోనో ఏర్పాటు చేసే మొదటి డ్రైవుకు విమానం టికెట్టు, హోటలు గది కూడా సాధారణంగా కంపెనీయే భరిస్తుంది. 1936లో మొదలైన అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ తాను పరీక్షించే కార్లను మామూలు కొనుగోలుదారు లాగా షోరూంకు వెళ్లి సొంత డబ్బుతో కొంటుంది. ఆ పద్ధతి మన దగ్గర వేళ్లూనుకోలేదు. ఆతిథ్యం అందుకున్న ప్రతి ఒక్కరూ అమ్ముడుపోయారని అనడం అన్యాయమే అవుతుంది గానీ, వచ్చే నెల ఇంకో కారు కోసం అదే కంపెనీని అడగవలసిన మనిషి కలం కొంచెం మెత్తబడటం సహజం. అందుకే రివ్యూల్లో తీవ్రమైన లోపం కూడా 'ఇంకాస్త బాగుంటే బాగుండేది' అన్న రూపంలో వినిపిస్తుంది. ఆ మాట వినిపించిన చోట ఆగి, ఆ లోపం మనకు రోజూ తగిలేదా అని ఆలోచించడం అవసరం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇన్‌ఫ్లుయెన్సర్లు తాము తీసుకున్న డబ్బును మాత్రమే గాక ఉచిత ప్రయాణాలను, హోటలు బసను, బహుమతులను కూడా ప్రేక్షకులకు స్పష్టంగా, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. తెలుగు వీడియోలో ఆ మాట తెలుగులో వినిపించిందా లేదా అన్నది చూడటానికి అర నిమిషం చాలు.

మన తెలుగు వీడియోల్లో ఇంకొక రకం ఉంది. కారును షోరూంలోనే నిలబెట్టి, పక్కన సేల్స్ మేనేజరును ఉంచుకుని, ప్రతి బటనునూ నొక్కి చూపించి, చివర ఆ షోరూం ఫోను నంబరు ఇస్తారు. వేరియంట్ల తేడాలు, ఆన్‌రోడ్ ధర తెలుసుకోవడానికి ఇవి నిజంగా ఉపయోగపడతాయి. నా వరకు నేను వీటిని ఆ పనికే వాడతాను. వీటిని తీర్పుగా మాత్రం తీసుకోకూడదు.

డబ్బు కన్నా ఎక్కువగా పనిచేసేది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది అభిరుచి. కార్లను రివ్యూ చేసేవారిలో అత్యధికులు కార్లంటే ప్రాణం పెట్టేవారు. మలుపులో కారు ఎంత పట్టుగా తిరిగింది, స్టీరింగు చేతికి ఏం చెప్పింది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎంత చురుగ్గా దూకింది అన్నవి వారికి ముఖ్యం. వ్యాగన్ ఆర్ లాంటి నిలువు పెట్టె ఆకారపు కారు ఆ కొలతలకు ఎప్పుడూ తక్కువగానే తూగుతుంది. అయినా 2021-22 నుంచి 2024-25 వరకు వరుసగా నాలుగు ఆర్థిక సంవత్సరాలు దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు అదే. కొన్నవారికి కార్ల గురించి తెలియక కొన్నారనుకోవడం కన్నా, వారు వేరే కొలమానంతో చూశారనుకోవడం సబబు.

యజమానుల మాటలకూ మొగ్గు ఉంటుంది. ఏడు లక్షలు పోసి కొన్న వస్తువును తప్పుపట్టడానికి ఎవరికీ మనసొప్పదు. 'సేఫ్టీ కావాలంటే టాటా, మైలేజీ కావాలంటే మారుతి' అనే మాట, మారుతి కారును 'రేకు డబ్బా' అనే మాట ఇలాగే వాడుకలోకి వచ్చి గట్టిపడ్డాయి. వాటిలో కొంత నిజం ఉన్నా, కొనేటప్పుడు ఆ కొంత సరిపోదు.

ముందు కొలమానాలు

నగరంలో తిరిగే కుటుంబానికి నేను మొదట చూడమనేది ఎక్కడం, దిగడం. చీర కట్టుకున్న పెద్దవారు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, నడుము నొప్పి ఉన్న తండ్రి రోజుకు నాలుగుసార్లు చేసే పని అది. సీటు తుంటి ఎత్తులో ఉంటే పక్కకు జరిగి కూర్చుంటే చాలు; తక్కువగా ఉంటే ప్రతిసారీ గుంజీ తీసినట్లే. రెండవది వెడల్పు. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో పాత అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య బండి పెట్టి తలుపు తెరవవలసినవారికి పొడవు కన్నా వెడల్పే ప్రాణం తీస్తుంది. మూడవది మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం రెండు గంటలకు, నలుగురు కూర్చున్న కారులో ఏసీ వెనుక సీటు దాకా ఎంతసేపటికి చేరుతుందన్నది. ఈ మూడూ రివ్యూల్లో అరుదుగా కనిపిస్తాయి.

మైలేజీ విషయంలో దీనికి తలకిందులుగా, అవసరానికి మించిన చర్చ జరుగుతుంది. కంపెనీలు ప్రకటించే అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాలతో నడిపి లెక్కగట్టినవి. ఆల్టో కె10 లీటరుకు 24.39 కి.మీ., మారుతిదే ఇంకో చిన్న కారు సెలేరియో 25.24 కి.మీ. ఇస్తాయని ప్రకటించారు. నెలకు 800 కి.మీ. తిరిగేవారికి ఈ తేడా ఒక లీటరు పైచిలుకు, లీటరు రూ.107 చొప్పున సుమారు రూ.118. అంతకన్నా ఎక్కువ తేడా టైర్లలో గాలి తగ్గడం వల్లా, తొందరపాటు డ్రైవింగు వల్లా వస్తుంది. ఆ కాస్త తేడాను చూసి కారును ఎంచుకోవద్దు.

భద్రత: నక్షత్రాలను ఎలా చదవాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే రివ్యూల్లో అత్యంత ఆవేశంగానూ అత్యంత అజాగ్రత్తగానూ వాడే అంకెలు ఇవే.

కార్లను గుద్దించి పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2020 జనవరిలో టియాగోకు పెద్దల రక్షణలో అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. అదే సంవత్సరం గ్రాండ్ ఐ10 నియోస్‌కు రెండు వచ్చాయి. 2023లో ఆల్టో కె10కు రెండు, వ్యాగన్ ఆర్‌కు ఒకటి వచ్చాయి. ఈ నాలుగు అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. కానీ ఆ సంస్థ 2022 జులైలో పరీక్ష నిబంధనలను బాగా కఠినం చేసింది. పక్కనుంచి గుద్దే పరీక్ష అప్పుడే అన్ని కార్లకూ వచ్చింది; పాదచారుల రక్షణ, కారు జారిపోకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి కూడా లెక్కలోకి వచ్చాయి. ఇదే వ్యాగన్ ఆర్‌కు పాత నిబంధనల కింద 2019లో రెండు నక్షత్రాలు ఉండేవి. అంటే 2020 నాటి నాలుగును 2023 నాటి రెండుతో నేరుగా పోల్చడం, పాత సిలబస్‌లో వచ్చిన మార్కులను కొత్త సిలబస్ మార్కులతో పోల్చడం లాంటిది. టియాగో ఈ గుంపులో మెరుగ్గా ఉందనే నేనూ నమ్ముతాను. కానీ ఆ తేడా ఎంతన్నది ఈ నక్షత్రాలతో తేలదు.

రెండో పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంది. ఆల్టో కె10, వ్యాగన్ ఆర్‌లలో 2025 నుంచి, నియోస్‌లో 2023 చివరి నుంచి అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. పైన చెప్పిన నక్షత్రాలు రెండు ఎయిర్‌బ్యాగుల కార్లకు వచ్చినవి కనుక ఇప్పటి కార్లు తప్పకుండా మెరుగే. అయితే ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన కారు చట్రం మారదు. 2023 పరీక్షలో ఆల్టో కె10 చట్రం గుద్దుకున్న తరువాత కూడా నిలకడగా ఉందని, వ్యాగన్ ఆర్ చట్రం నిలకడగా లేదని తేలింది. ఆ మాటను ఎయిర్‌బ్యాగుల సంఖ్య చెరిపేయదు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష అమల్లోకి వచ్చింది, కానీ అది కంపెనీలు తమంతట తాము ముందుకొచ్చి చేయించుకునే పరీక్ష. కొనే రోజున మీరు చూస్తున్న కారును ఏ సంవత్సరంలో, ఏ నిబంధనల కింద, ఎన్ని ఎయిర్‌బ్యాగులతో పరీక్షించారో అడగండి. ఈ మూడూ చెప్పని సమీక్షకుడి భద్రతా తీర్పును పక్కన పెట్టవచ్చు.

కొలతలు ఒకచోట

| కారు | పొడవు (మి.మీ.) | వెడల్పు (మి.మీ.) | ఎత్తు (మి.మీ.) | డిక్కీ (లీటర్లు) | ఇంజిను, శక్తి (పీఎస్ అంటే అశ్వశక్తి) |
|---|---|---|---|---|---|
| ఆల్టో కె10 | 3530 | 1490 | 1520 | 214 | 998 సి.సి., సుమారు 67 పీఎస్ |
| వ్యాగన్ ఆర్ | 3655 | 1620 | 1675 | 341 | 998 సి.సి., సుమారు 67 పీఎస్. లేదా 1197 సి.సి., సుమారు 90 పీఎస్ |
| టియాగో | 3765 | 1677 | 1535 | 242 | 1199 సి.సి., 86 పీఎస్ |
| గ్రాండ్ ఐ10 నియోస్ | 3815 | 1680 | 1520 | 260 | 1197 సి.సి., 83 పీఎస్ |
| కామెట్ | 2974 | 1505 | 1640 | నామమాత్రం | 17.3 యూనిట్ల బ్యాటరీ, 42 పీఎస్ |

ఒక్కొక్క కారు

వ్యాగన్ ఆర్ ఎత్తు 1675 మి.మీ. అని పట్టికలో చదివితే ఏమీ అనిపించదు. పెద్దవారిని కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది: తల వంచనక్కర లేదు, మోకాలు మడవనక్కర లేదు. 341 లీటర్ల డిక్కీలో ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు, సూట్‌కేసు పడతాయి. 1.2 లీటర్ల ఇంజిను నాలుగు సిలిండర్లది, ఇంత తేలికైన కారుకు పుష్కలం. దాని కష్టమంతా హైవే మీద. తేలికగా, ఎత్తుగా ఉండటం వల్ల వంద కిలోమీటర్ల వేగంలో పెద్ద లారీ దాటిపోయినప్పుడు కారు అటూ ఇటూ ఊగుతుంది. సమీక్షకులు ఈ సంగతి గట్టిగానే చెబుతారు, అది నిజం కూడా. వెనుక సీట్లో ముగ్గురు పెద్దవారికి భుజాలు ఒరుసుకుంటాయన్నది మాత్రం అంత గట్టిగా చెప్పరు.

టియాగో దీనికి దాదాపు అద్దంలో ప్రతిబింబం. సుమారు వంద కిలోలు ఎక్కువ బరువు ఉండటంతో హైవే మీద నేలను పట్టుకుని సాగుతుంది, తలుపు వేస్తే గట్టి శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్నే భద్రతకు రుజువుగా చూపించే వీడియోలను పట్టించుకోకండి. తలుపు శబ్దానికీ ప్రమాదంలో చట్రం నిలబడటానికీ సంబంధం లేదు. సీటు కిందికి ఉంటుంది, మూడు సిలిండర్ల ఇంజిను సిగ్నళ్ల దగ్గర కొంచెం వణుకుతుంది. సీఎన్‌జీ కావాలనుకునేవారికి ఇందులో ఒక నిజమైన మేలు ఉంది. ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున అమర్చడం వల్ల సామానుకు కాస్త చోటు మిగులుతుంది. 2024 నుంచి నియోస్‌లోనూ ఈ ఏర్పాటు వచ్చింది. వ్యాగన్ ఆర్ సీఎన్‌జీలో సిలిండరే డిక్కీని ఆక్రమిస్తుంది, కనుక ఆ 341 లీటర్ల మాట సీఎన్‌జీ కొనేవారికి వర్తించదు. రివ్యూ పెట్రోలు కారుది, కొనేది సీఎన్‌జీ కారు అయినప్పుడు ఇలాంటివే దెబ్బతీస్తాయి.

గ్రాండ్ ఐ10 నియోస్ ఇంజిను ఈ నాలుగు పెట్రోలు కార్లలోనూ అతి మృదువుగా, వణుకు లేకుండా నడిచే వాటిలో ఒకటి. అంతకన్నా ముఖ్యం, వెనుక సీటు వారికి విడిగా ఏసీ వెంట్లు ఉన్న వేరియంట్లు ఇందులో దొరుకుతాయి. కోస్తా ఎండల్లో బడి నుంచి వచ్చే పిల్లలకు అది హంగు అనిపించుకోదు, అవసరం. ధర మిగిలినవాటి కన్నా పైమెట్టులో ఉంటుంది, సీటు ఎత్తు మాత్రం టియాగో తీరే.

ఆల్టో కె10 గురించి సమీక్షకులు అన్యాయం చేస్తున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది. పెద్ద కార్లు నడిపి వచ్చినవారు దీని ప్లాస్టిక్కును, పలుచని సీట్లను చూసి తీసిపారేస్తారు. దీన్ని కొనేవారు పెద్ద కారు దిగి రావడం లేదు, వానలో తడిసే బైకు దిగి వస్తున్నారు. 1490 మి.మీ. వెడల్పు వల్ల పాత బస్తీ గల్లీల్లోనూ రాజమండ్రి మెయిన్ రోడ్డు సందుల్లోనూ ఇది దూరిపోతుంది. అయిదుగురితో, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కవలసినవారు మాత్రం దీన్ని ఎంచుకోకూడదు.

కామెట్‌లో నాలుగు సీట్లు, రెండే తలుపులు. వెనుకకు వెళ్లాలంటే ముందు సీటు మడవాలి, కాబట్టి పెద్దవారున్న ఇంటికి ఇది ఒక్కటే కారుగా పనికిరాదు. 12 అంగుళాల చిన్న చక్రాలు గుంతలను దాచవు. కంపెనీ చెప్పే 230 కి.మీ. కాకుండా ఏసీతో 160 కి.మీ. మాత్రమే వచ్చిందనుకుని, ఒకసారి నిండా ఛార్జి చేయడానికి 20 యూనిట్లు, యూనిట్ రూ.9 చొప్పున పడిందనుకున్నా, కిలోమీటరుకు రూపాయి పదమూడు పైసలు దాటదు. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే పెట్రోలు కారుకు అది ఏడు రూపాయలు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. వీటన్నిటికన్నా ముందు, మీ మీటరు నుంచి సెల్లారు దాకా వైరు లాగడానికి అపార్టుమెంటు అసోసియేషను ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోండి.

ఎవరికి ఏది

అరవై దాటిన తల్లిదండ్రులతో, నెలకు ఒకటి రెండు ఆసుపత్రి ప్రయాణాలతో, నగరం దాటడం అరుదుగా ఉండే ఇంటికి నేను వ్యాగన్ ఆర్ 1.2 చెబుతాను. దాని చట్రం గురించి పైన రాసినదంతా తెలిసే చెబుతున్నాను. నలభై కిలోమీటర్ల వేగం దాటని నగర ప్రయాణంలో ఆ ప్రమాదం తగ్గుతుంది, మోకాళ్ల నొప్పి తగ్గదు.

హైదరాబాదు నుంచి ప్రతి నెలా నల్లగొండకో ఖమ్మానికో గుంటూరుకో కుటుంబంతో వెళ్లేవారి సంగతి వేరు. వారి కిలోమీటర్లలో సగం హైవే మీదే గడుస్తాయి. వారికి టియాగో, ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే, వెనుక ఎప్పుడూ పిల్లలు కూర్చుంటే నియోస్.

కొత్తగా డ్రైవింగు నేర్చుకున్నవారు, ఇరుకు వీధిలో ఇల్లున్నవారు, అప్పు తక్కువలో ముగించాలనుకునేవారు మొహమాటం లేకుండా ఆల్టో కె10 తీసుకోవచ్చు. ఇంట్లో ఇప్పటికే ఒక కారు ఉండి, రోజూ నలభై కిలోమీటర్లలోపు ఆఫీసుకు వెళ్లివచ్చే దంపతులకు, ఛార్జింగుకు సొంత చోటు ఉంటే కామెట్.

మెహదీపట్నం, పంజాగుట్ట మీదుగా రోజూ వెళ్లేవారు క్లచ్చు తొక్కనక్కర లేకుండా గేర్లు తానే మార్చుకునే ఏఎంటీ గేరుబాక్సు గురించి కూడా ఆలోచించాలి. వేగంగా తొక్కితే గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతుందని సమీక్షకులు చెప్పేది నిజమే. కానీ గంటకు పది కిలోమీటర్ల వేగంతో పాకే ట్రాఫిక్కులో ఆ ఊపు దాదాపు తెలియదు, ఎడమ కాలికి వందసార్లు క్లచ్చు తొక్కే శ్రమ తప్పుతుంది.

టెస్ట్ డ్రైవ్ రోజున

షోరూంవారు ఇచ్చే పది నిమిషాల చుట్టు సరిపోదు. మీరు బుక్ చేయబోయే వేరియంటునే అడగండి. లేదంటే, చూపిస్తున్న కారులో ఉండి మీ వేరియంటులో లేనివి ఏవేవో కాగితం మీద రాయించుకోండి. మధ్యాహ్నం ఎండలోనే వెళ్లండి. ఇంట్లో అందరికన్నా కష్టంగా కారెక్కే మనిషిని వెంట తీసుకెళ్లి, వెనుక సీట్లోకి మూడుసార్లు ఎక్కించి దించండి. వీలైతే కారును మీ సెల్లారు దాకా తెచ్చి, మీ చోటులో పెట్టి, తలుపు తెరిచి చూడండి. ఫ్లైఓవరు ఎక్కేచోట ఆగి, అందరూ కూర్చుని ఉండగా ఏసీతో మళ్లీ కదిలించండి.

ఇంకొక్క పని. మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు ఒక శనివారం ఉదయం వెళ్లి, అక్కడ కారు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. కారు ఎలా ఉందని అడగకండి, బాగుందనే చెబుతారు. పోయిన సర్వీసుకు బిల్లు ఎంతయింది, చెప్పిన రోజుకు బండి ఇచ్చారా, అదే ఫిర్యాదుతో ఎన్నిసార్లు తిరిగి రావలసి వచ్చిందని అడగండి.